ఊరంతా చదివిన మందుల చీటీ

మొదటిసారి అది నాకు తొమ్మిదో తరగతి గదిలో వచ్చింది. బోర్డు మీద త్రిభుజం గీస్తున్నాను. సుద్దముక్క పట్టుకున్న వేళ్ళు మొద్దుబారాయి. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటున్నట్టయింది. వెనక్కి తిరిగితే పిల్లల ముఖాలు చాలా దూరంగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించాయి. చచ్చిపోతున్నాననుకున్నాను. ఈ త్రిభుజానికి మూడో భుజం గీయకుండానే పోతున్నాను అనుకోవడం కూడా నాకు బాగా గుర్తు. కుర్చీలో కూలబడ్డాను. ఒక పావుగంటకి అంతా మామూలైంది, జాకెట్టు తడిసిపోయేంత చెమట పట్టి ఆరినట్టు ఒళ్ళు చల్లబడి మిగిలింది.

అప్పటికి నాకు నలభై ఒక్కేళ్ళు. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పద్నాలుగేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. మావారికి విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. చెప్పుకోవడానికి పెద్ద కష్టాలు లేని ఇల్లు. ఒక్కటే, అంతకు ఎనిమిది నెలల ముందు మా అక్క పోయింది. వత్సవాయిలో, పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తూ ఒరిగిపోయింది. గుండెపోటు అన్నారు. అందుకని నాకూ వచ్చింది అదేననుకున్నాను.

పేటలో డాక్టరుగారు ఈసీజీ తీసి, బాగానే ఉందని చెప్పి, గ్యాస్‌కి మాత్రలిచ్చారు. రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి నందిగామ వెళ్ళే బస్సులో. చిల్లకల్లు దాటి హైవే ఎక్కాక ఊపిరి ఆడలేదు. "బస్సాపండి, బస్సాపండి" అని అరిచి దిగిపోయాను. సిమెంటు లారీలు పోతుంటే లేచే దుమ్ములో, రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, మావారికి ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన బండి మీద వచ్చి నన్ను నందిగామలో ఇంకో పెద్ద డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆ పెద్దాయన అన్ని పరీక్షలూ చేయించి, కాగితాలన్నీ చూసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. "అమ్మా, మీ గుండె గట్టిదే. దీనికి విజయవాడలో మానసిక వైద్యుల్ని చూడండి. ఇక్కడ మనకి ఎవరూ లేరు" అన్నారు. ఆ 'మానసిక' అన్న మాట దగ్గర ఆయన గొంతు తగ్గించి తలుపు వైపు చూశారు. బయట బల్లల మీద జనం కూర్చుని ఉన్నారు. అప్పుడు ఆయన నా మీద దయతో చేసిన పనిగానే తోచింది. ఆయన ఎందుకు భయపడ్డారో తర్వాత నెలన్నరకి గాని నాకు అర్థం కాలేదు.

విజయవాడ వెళ్ళడానికి స్కూల్లో పంటినొప్పి అని చెప్పి సెలవు పెట్టాను. పంటి డాక్టరు పేటలోనే ఉన్నాడు కదా అని ఎవరైనా అడుగుతారేమోనని, రూట్ కెనాల్ అనే మాట కూడా ముందే సిద్ధం చేసుకున్నాను. నలభై ఏళ్ళు దాటిన మనిషిని, డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి చిన్నపిల్లలా అబద్ధం వెతుక్కున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అక్కడ డాక్టరు నాకంటే చిన్నావిడ. నలభై నిమిషాలు నా మాటలు విన్నది. మా అక్క గురించి అడిగింది. అక్క పోయినప్పుడు ఏడ్చారా అని అడిగింది. వచ్చినవాళ్ళకి కాఫీలూ, దినం వంటలూ చూసుకోవడంలో సరిగ్గా ఏడవలేదని నాకు అప్పుడే, ఆవిడ ఎదుట కూర్చున్నాకే తెలిసింది. "దీన్ని పానిక్ అంటారు. దీనివల్ల చచ్చిపోరు. తగ్గిపోతుంది. కానీ మాత్రలు మధ్యలో ఆపకూడదు" అంది. బయటికి వచ్చాక, చెరుకురసం బండి దగ్గర నిలబడి మావారితో "దీనికి పేరుందండీ" అన్నాను. ఆయన నా చేతిలోంచి గ్లాసు తీసుకుని "పేరుంటే మందు కూడా ఉన్నట్టేగా" అన్నారు. ఆ రోజు మేమిద్దరం సంతోషంగా ఇంటికొచ్చాం. ఇంత సంతోషం ఒక జబ్బు పేరు తెలిస్తే కలుగుతుందని నాకు తెలియదు.

నెల రోజులు బాగుంది. ఒక్కసారి కూడా రాలేదు. మాత్రలు అయిపోవచ్చాయి. పదో తరగతికి రివిజన్ పరీక్షలు జరుగుతున్నాయి, సెలవు దొరకదు. డాక్టరమ్మ రెండో నెలకి కూడా చీటీ రాసిచ్చింది, దానికోసం మళ్ళీ విజయవాడ ఎందుకు, ఇక్కడే కొనుక్కుంటే పోలా అనుకున్నాను. సాయంత్రం స్కూలు నుంచి వస్తూ మేమెప్పుడూ మందులు కొనే షాపు దగ్గర ఆగాను.

ఆ షాపాయన మాకు పదిహేనేళ్ళుగా తెలుసు. ఆయన కూతురు నా దగ్గరే లెక్కలు నేర్చుకుంది. మా ఇంట్లో ఎవరికి దగ్గు వచ్చినా, జ్వరం వచ్చినా ముందు ఆయనకే చెప్తాం. నేనంటే గౌరవంగానే ఉంటాడు. అప్పుడు కౌంటరు ముందు ఐదారుగురున్నారు. చీటీ ఇచ్చాను. కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు.

"చెల్లెమ్మా, ఇయ్యి తలకి సంబంధించిన మందులు గదా. ఎవరికి?"

"నాకేనండీ."

"నీకా!"

అంత గట్టిగా అనాలని ఆయన అనుకుని ఉండడు. కానీ కౌంటరు దగ్గరున్న తలకాయలన్నీ నా వైపు తిరిగాయి. అందులో ఇద్దరు పిల్లల తల్లిదండ్రులే.

"మంచి డాక్టరే రాశాడా? ఇయ్యి అలవాటైపోతాయమ్మా. మా వాళ్ళలో ఒకాయన ఇట్టాగే మొదలెట్టి మానలేకపోయాడు."

"ఉంటే ఇవ్వండి. లేకపోతే చీటీ ఇచ్చేయండి" అన్నాను.

"ఉన్నాయిలే. ఇట్టాంటియ్యి రిజిస్టర్లో రాయాలి, రూలు" అని ఒక పొడుగాటి పుస్తకం తీశాడు. నా పేరు పైకి పలుకుతూ రాశాడు. డాక్టరు పేరు పలికాడు. ఆ పేరు కింద ఉన్న డిగ్రీలు, ఆసుపత్రి పేరు కూడా పలికాడు. రాయమని రూలు ఉండొచ్చు. పైకి చదవమని ఏ రూల్లో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం మావారు అన్నానికి ఇంటికొచ్చారు. కంచం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నారు గాని తినడం లేదు.

"ఏమైందండీ?"

"మందుల షాపాయన మన షాపుకొచ్చాడు పొద్దున."

"వచ్చి?"

"చెల్లెమ్మ ఏవో పిచ్చి మందులు వాడుతోంది, నీకు తెలుసో తెలీదోనని మంచికి చెప్తున్నా తమ్ముడూ, అన్నాడు. షాపులో మిర్చికి మందు కోసమొచ్చిన రైతులున్నారు."

"మీరేమన్నారు?"

"నాకు తెలుసన్నా."

"ఇంకా?"

"ఇంకేమంటా? నవ్వి ఊరుకున్నా."

ఆ నవ్వు దగ్గర నాకు కోపం నషాళానికి అంటింది. ఆయన మీదే అరిచాను. నా జబ్బు గురించి ఒక బయటిమనిషి నలుగురు రైతుల ముందు మాట్లాడుతుంటే నవ్వి ఊరుకోవడం ఏమిటి? మావారు పాపం నెమ్మదస్తుడు. "రోజూ ముఖాలు చూసుకునేవాళ్ళం, తగాదా పెట్టుకుంటామా?" అన్నారు. అదే మాట మా ఊళ్ళో అందరూ అంటారు. రోజూ ముఖాలు చూసుకునేవాళ్ళం కాబట్టి అవతలివాడు ఏమన్నా నవ్వి ఊరుకోవాలి. మరి రోజూ ముఖాలు చూసుకునేవాళ్ళమే కాబట్టి నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలని అవతలివాడికి మాత్రం ఎందుకు తోచదు?

వారం తిరక్కుండా ఊళ్ళో నా జబ్బుకి నాలుగైదు రూపాలొచ్చాయి. నాకు ఫిట్స్ అని ఒకరు. ఎవరికీ తెలియకుండా నిద్రమాత్రలు మింగానని ఒకరు. మా ఆయనకీ నాకూ పడటం లేదని ఇంకొకరు. చందర్లపాడు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, మీ అక్క నీలో పలుకుతోందంట గదా, నిజమేనా?" అని అడిగింది. చనిపోయిన మా అక్కని దయ్యాన్ని చేసేశారు. ఫోన్ పెట్టేసి, వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడ్డాను.

పక్కింటి పిన్నిగారు వచ్చారు. చుట్టరికం లేదు, అలవాటైన పిలుపు. ఆవిడ మనవరాలు రోజూ సాయంత్రం లెక్కల్లో సందేహాలు అడగడానికి మా ఇంటికి వచ్చేది. ఆవిడ నా మంచం మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి మొదలుపెట్టారు.

"అమ్మాయ్, మైలవరం అవతల ఏదో ఊళ్ళో ఒకాయన తాయెత్తు కడతాడంట. ఇట్టాంటివాటికి బాగా పనిచేస్తదంట."

"నేను డాక్టరు దగ్గర చూపించుకుంటున్నా పిన్నిగారూ. తగ్గింది కూడా."

"తగ్గిందిలే. మళ్ళీ రాదని ఏముంది? అది సరేగానీ, మీ ఆయన నిన్ను బాగానే చూసుకుంటాడు గదా?"

"ఆయనకేం, బాగానే చూసుకుంటారు."

"ఏదో, మన పిల్లవి కాబట్టి అడిగా. నీ మంచికే."

మర్నాటి నుంచి మనవరాలు రాలేదు. రెండు రోజులు చూసి నేనే గోడ దగ్గర పలకరిస్తే, ఆ పిల్ల తల వంచుకుని "నానమ్మ వద్దంది మేడం" అని లోపలికి పరిగెత్తింది.

మంచికే అన్న మాట ఆ రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో. షాపాయన మా ఆయనకి చెప్పింది మంచికే. పిన్నిగారు పిల్లని మాన్పించిందీ ఎవరో ఒకరి మంచికే. నన్ను అడిగినవాళ్ళు ఎవరూ లేరు, నీ మంచి ఏమిటి, అది మేం చేయవచ్చా అని. మేం చదువుకునే రోజుల నుంచీ చిన్న ఊరు గురించి వ్యాసాలు రాయించేవారు, అక్కడ అందరూ ఒకే కుటుంబంలా ఉంటారు అని. నేను కూడా మా అమ్మాయి చేత అలాగే రాయించాను. కుటుంబంలా ఉంటారు, నిజమే. ఇంట్లో ఎవరి గదికీ గడియ ఉండని కుటుంబంలా ఉంటారు. నగరంలో పక్కవాడు చచ్చినా పట్టించుకోరని మా ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. ఇక్కడ బతికుండగానే మనల్ని వాకిట్లో పడుకోబెట్టి చుట్టూ కూర్చుంటారు.

ఆ శనివారం ప్రిన్సిపాల్ పిలిపించారు. నాకంటే ఐదేళ్ళు పెద్దాయన. నేను చేరిన ఏడాదే ఆయనా చేరారు. కూర్చోమన్నారు, టీ తెప్పించారు. టీ తెప్పించారంటే మంచి కబురు కాదని తెలుసు.

"మేడం, మీకు కొంచెం రెస్ట్ కావాలనిపిస్తోంది. తొమ్మిది, పది క్లాసులు ఇంకొకరికి ఇద్దామనుకుంటున్నా. మీరు ఆరో క్లాసు తీసుకోండి, లైబ్రరీ చూసుకోండి."

"రెస్ట్ కావాలని నేనెప్పుడు చెప్పానండీ?"

"మీరు చెప్పలేదు. పేరెంట్స్ అడుగుతున్నారు."

"ఏ పేరెంట్స్?"

"పేర్లెందుకు లెండి. ఊళ్ళో మాట. పదో క్లాసు పిల్లలు గదా, వాళ్ళు భయపడుతున్నారు."

"పిల్లలు భయపడుతున్నారా, పెద్దవాళ్ళా?"

ఆయన టేబుల్ మీద పేపర్‌వెయిట్ తిప్పుతూ, "మీ మంచికే మేడం" అన్నారు.

పద్నాలుగేళ్ళు. ఆ పద్నాలుగేళ్ళలో లెక్కలంటే ఏడ్చే పిల్లల్ని ఎంతమందిని గట్టెక్కించానో ఆయనకి తెలుసు. ఒక్క రోజు కూడా నా క్లాసు మీద ఫిర్యాదు రాలేదు. అడగండి, నా పిల్లల పేపర్లు చూడండి, నన్ను క్లాసులో నిలబెట్టి చూడండి అని అనాలనిపించింది. అనలేకపోయాను. గట్టిగా మాట్లాడితే, చూశావా, నిజంగానే మతి చలించింది అంటారని భయమేసింది. ఒక మనిషికి పిచ్చి అని పేరు పెట్టాక ఆ మనిషికి కోపం తెచ్చుకునే హక్కు కూడా పోతుంది. అన్యాయం జరిగిందని అరిస్తే అదే సాక్ష్యమైపోతుంది. టీ తాగకుండా లేచి వచ్చేశాను.

మూడో నెల మాత్రలకి మా ఊళ్ళో షాపు గుమ్మం తొక్కకూడదనుకున్నాను. డాక్టరమ్మ ఫోన్లో కొత్త చీటీ పంపింది. ఆదివారం బస్సెక్కి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న నందిగామ వెళ్ళాను. సెంటర్లో షాపులన్నీ వదిలేసి, ఊరి చివర హైవే వైపు కొత్తగా పెట్టిన ఒక చిన్న షాపు వెతుక్కున్నాను. లోపల గడ్డం పెంచుకున్న కుర్రవాడు, పాతికేళ్ళుంటాయి, ఫోన్లో చూసుకుంటున్నాడు. ఎప్పుడూ చూసిన ముఖం కాదు. ధైర్యంగా ఫోన్లో చీటీ చూపించాను.

అతను చీటీ చూసి, నన్ను చూసి, చటుక్కున లేచి నిలబడ్డాడు.

"మేడం! మీరు పేట మేడం కదండీ? గుర్తుపట్టలేదా? నేను మీ స్టూడెంటునండీ. లాస్ట్ బెంచీ."

ఫోన్ వెనక్కి తీసుకోబోయాను. అతను మంచివాడు. ఇంకేమీ అడగలేదు. మాత్రలు తీసి ముందు ఒక పేపర్లో చుట్టాడు, తర్వాత నల్ల కవర్లో పెట్టాడు, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టాడు. షాపులో మేమిద్దరం తప్ప ఎవరూ లేకపోయినా ముందుకి వంగి నెమ్మదిగా అన్నాడు.

"ఎవరికీ చెప్పను మేడం. ఒట్టు."

ఆ మాట కన్నా మా ఊరి షాపాయన 'నీకా!' అన్నదే నయమనిపించింది. ఈ పిల్లవాడు నా మీద ప్రేమతో, గౌరవంతో, నేనేదో చేయరాని పని చేసినట్టు దాచిపెడుతున్నాడు. ఒట్టు వేసి దాచాల్సినంత పని నేనేం చేశాను? మా అక్క పోయింది. నాకు ఊపిరాడలేదు. మందు వేసుకున్నాను.

బస్సులో ఒళ్ళో ఆ రెండు కవర్ల మూట పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చాక అది బీరువాలో చీరల కింద పెట్టి, వేసుకోవడం మానేశాను. డాక్టరమ్మ మధ్యలో ఆపకూడదని చెప్పింది, గుర్తుంది. అయినా మానేశాను. ఈ మాత్రలు లేకపోతే ఈ మాటలూ ఉండవు గదా అనే మొండితనం. మావారికి కూడా చెప్పలేదు.

తొమ్మిదో రోజు ఆరో తరగతి గదిలో వచ్చింది. ముందుకంటే గట్టిగా. నేను నేల మీద కూర్చుండిపోయాను. నలభై మంది పదకొండేళ్ళ పిల్లలు బెంచీల మీదకెక్కి ఏడుస్తున్నారు. పక్క గదిలోంచి హిందీ టీచరు పరిగెత్తుకొచ్చి నా తల తన ఒళ్ళో పెట్టుకుని, "ఏం కాదు, గాలి పీల్చు, నాతోపాటు పీల్చు" అంటూనే ఉంది. తలుపు దగ్గర ప్రిన్సిపాల్ నిలబడి చూస్తున్నారు. ఆయన ముఖంలో జాలి ఉంది, దాంతోపాటు నేను చెప్పలా అన్న తృప్తి కూడా ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను.

సాయంత్రం డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మందులు ఎందుకు ఆపారని అడిగింది. "సిగ్గేసిందండీ" అన్నాను, అంతకంటే వేరే మాట దొరకలేదు. ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మీ వైపు నుంచి వచ్చేవాళ్ళలో సగం మంది మూడో నెలకి రావడం మానేస్తారు. తగ్గిందేమో అనుకునేదాన్ని" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ సగం మంది ఎవరు? మా వీధిలోనే ఉండి ఉంటారు. వాళ్ళు కూడా పంటినొప్పి అని చెప్పి వెళ్ళి ఉంటారు. వాళ్ళ చీటీలు కూడా ఎవరో పైకి చదివి ఉంటారు. అంతవరకూ నా ఒక్కదాని మీద జరిగిన అవమానం అనుకున్నాను. ఇది అందరి మీదా, రోజూ, మామూలుగా జరిగిపోతోందని తెలిశాక కోపానికి ఒక దారి దొరికింది.

బీరువాలో మాత్రలు అలాగే ఉన్నా, డాక్టరమ్మతో ఇంకో నెలకి చీటీ పంపించుకుని, ప్రింటు తీయించి, మర్నాడు సాయంత్రం ఆరింటికి, కావాలనే జనం ఉండే వేళ చూసుకుని, మా ఊరి షాపుకే వెళ్ళాను. మావారు వద్దన్నారు. తర్వాత తనూ వస్తానని చెప్పులేసుకున్నారు. రావద్దని చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. కౌంటరు ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. నా వంతు వచ్చేదాకా నిలబడి, చీటీ కౌంటరు మీద పెట్టాను.

"అన్నయ్యగారూ, నాకు పానిక్ అనే జబ్బుంది. ఇవి దాని మందులు. నాకే. ఈసారి మీరు పైకి చదవక్కర్లా, నేనే చెప్పేశా."

ఆయన నవ్వబోయాడు. "అదేంటి చెల్లెమ్మా…"

"మావారి షాపుకెళ్ళి రైతుల ముందు నాది పిచ్చి అని చెప్పారట."

"అయ్యో, నేను మంచికే…"

"మీరు మంచికి చెప్పిన మాటకి నా క్లాసులు పోయినయ్యి. మీ అమ్మాయికి చెప్పిన క్లాసులే అవి. ఆ మాటకి నేను సిగ్గుపడి మందులు మానేశా. మానేస్తే పిల్లల ముందు పడిపోయా. ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరి మంచికి?"

చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చెయ్యి చూపించాను. "ఇక్కడ నిలబడ్డ వీళ్ళందరి చీటీలూ మీ చేతుల్లో ఉంటయ్యి. ఎవరికేముందో మీకు తెలుసు. రేపు వీళ్ళలో ఎవరి ఇంటికెళ్ళి చెప్తారు?"

అప్పటిదాకా నన్ను వింతగా చూస్తున్నవాళ్ళు ఒక్కసారిగా తమ చేతుల్లో చీటీలు చూసుకున్నారు. ఒకావిడ తన చీటీ మడిచి పిడికిట్లో పెట్టుకుంది. షాపాయన ముఖం ఎర్రబడింది. వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. లారీ నడిపే ఆయన, టోపీ పెట్టుకుని ఉన్నాడు, నమాజు నుంచి వస్తున్నట్టున్నాడు. కూతురు నా దగ్గర పదో తరగతి చదువుతుండేది, ఆ క్లాసు నా నుంచి తీసేసేదాకా.

"మేడంగారు అడిగిందాంట్లో తప్పేముంది అన్నా? మా ఆవిడ మందులు కూడా ఇక్కడే కొంటన్నా. ఇట్టా అయితే ఎట్టా?"

షాపాయన మాత్రలు లెక్కపెట్టి కవర్లో వేశాడు. రిజిస్టరు తీశాడు. ఈసారి నోరు విప్పకుండా రాసుకున్నాడు. క్షమించమని అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. రోడ్డు మీద ఎదురైతే ఆయనే తల తిప్పుకుంటాడు. మా వాళ్ళలో కొందరు ఆయన మనసు కష్టపెట్టానని నన్నే తప్పుపట్టారు.

నిజం చెప్పాలంటే, ఆ రోజుతో అంతా చక్కబడిపోలేదు. లారీ ఆయన ఇంకో నలుగురు తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని స్కూలుకి వెళ్ళి, మా పిల్లలకి ఆ మేడమే లెక్కలు చెప్పాలని అడిగాడట. ప్రిన్సిపాల్ నన్ను మళ్ళీ పిలిచి, మళ్ళీ టీ తెప్పించి, తొమ్మిదో తరగతి తిరిగి ఇచ్చారు. పదో తరగతి మాత్రం ఆ ఏడాదికి ఇవ్వలేదు. నేను మొదటి పాఠం నుంచి నడిపించిన పిల్లల్ని చివరి రెండు నెలలు ఇంకెవరో నడిపించారు. పరీక్షల ముందు రోజు వాళ్ళు నా దగ్గరికి హాల్ టికెట్లు తెచ్చి చేతికిచ్చి మళ్ళీ తీసుకున్నారు, అదో నమ్మకం మా పిల్లలకి. ఆ రెండు నెలలు నాకెవరూ తిరిగివ్వలేరు.

ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా ఎక్కువ కోపం తెప్పించింది. మనుషులు రావడం మొదలుపెట్టారు. అందరూ చాటుగానే. కూరగాయల దగ్గర ఒకావిడ నా పక్కకి వచ్చి వంకాయలు ఏరుతూ, నా వైపు చూడకుండా, డాక్టరమ్మ నంబరు అడిగింది. స్కూల్లో ఒక సారు తన తమ్ముడి కోసమని అడిగాడు. ఆ తమ్ముడు వేరే ఎవరూ కాదని, తనేనని నాకు తెలుస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు పెరటి గుమ్మం నుంచి వచ్చారు, ఎన్నడూ లేనిది.

"అమ్మాయ్, మా చిన్నకూతురికి కాన్పైన కాడి నుంచి ఒకటే ఏడుపు. బిడ్డని కూడా ఎత్తుకోదు. ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా?" అన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వెంటనే, "ఎవరికీ చెప్పకే తల్లీ" అన్నారు.

నాకు నోటిదాకా వచ్చింది. తాయెత్తు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళకపోయారా అని. మీ మనవరాల్ని నా గడప తొక్కనివ్వలేదు గదా అని. అన్నీ అనేద్దామనుకున్నాను. కానీ ఆవిడ వెనక, పెరట్లో, ఆ అమ్మాయి నిలబడి ఉంది. జడ వేసుకోలేదు. నైటీ మీద తువ్వాలు కప్పుకుని, ఎండలో నిలబడ్డానన్న ధ్యాస కూడా లేకుండా నేలకేసి చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు.

"తీసుకెళ్తా పిన్నిగారూ. కానీ బుధవారం పొద్దున వీధి గుమ్మం నుంచి రండి" అన్నాను.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి వచ్చారు. వీధి వైపు నుంచే. పిన్నిగారు బిడ్డని చూసుకోవడానికి ఇంటి దగ్గరే ఉండిపోయారు. నేనూ ఆ అమ్మాయీ బస్సులో రెండు సీట్లు పట్టుకుని కూర్చున్నాం. ఆ అమ్మాయి కిటికీ పక్కన. పేట దాటేదాకా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నందిగామలో బస్సు ఆగినప్పుడు ఒకావిడ ఎక్కింది. మా వీధి వాళ్ళకి బంధువు. పెళ్ళిళ్ళలో చూసిన ముఖమే. మమ్మల్ని చూసి ముందు సీటులో కూర్చుని వెనక్కి తిరిగింది.

"ఎక్కడికమ్మా ఇద్దరూ కలిసి?"

పక్కన ఆ అమ్మాయి చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

"డాక్టరు దగ్గరికండీ, విజయవాడ."

"ఏం డాక్టరు?"

ఈ దేశంలో ఏ పెద్ద ఊళ్ళోనైనా బస్సులో ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని ఈ ప్రశ్న అడుగుతుందో లేదో నాకు తెలియదు. మా దగ్గర అడుగుతారు. జవాబు తమకి బాకీ ఉన్నట్టు అడుగుతారు. చెప్పకపోతే వాళ్ళే ఒకటి కల్పించుకుంటారు.

"మీకెందుకండీ?" అన్నాను.

నెమ్మదిగానే అన్నాను, అండి అని కూడా చేర్చాను. ఆవిడ ముందుకి తిరిగి కూర్చుంది. వీపు చూస్తేనే ఎంత నొచ్చుకుందో తెలుస్తోంది. సాయంత్రానికల్లా నాకు పొగరెక్కిందని మా వీధి మొత్తానికి ఫోన్ వెళ్తుందని నాకు తెలుసు. వెళ్ళింది కూడా.

కీసర దగ్గర టోల్‌గేటు వరసలో బస్సు నిలబడింది. ఆ అమ్మాయి నా చెయ్యి వదలలేదు గాని, కొంగు మాత్రం ముఖం మీద నుంచి తీసేసింది. "అక్కా, అక్కడ చాలాసేపు పడుతుందా? బిడ్డకి పాల టైము" అని అడిగింది. ఆ వారాల్లో ఆ పిల్ల బిడ్డ గురించి తనంతట తను అడిగిన మొదటి మాట అదేనని పిన్నిగారు తర్వాత చెప్పారు.